మందగించిన సర్వరుకు సాక్ష్యం ఎక్కడ?

ఉదయం పదకొండు గంటలకు కావలి శాఖ నుంచి నెల్లూరు ప్రధాన కార్యాలయానికి ఫోను వస్తుంది, బిల్లింగ్ తెర కదలడం లేదని. సాంకేతిక సిబ్బంది తీరిక చేసుకొని పన్నెండింటికి చూసేసరికి అంతా మామూలే. ప్రాసెసరు ఖాళీగా ఉంటుంది, మెమరీ మిగిలే ఉంటుంది, డిస్కు మీద ఒత్తిడే ఉండదు. ‘ఇప్పుడు బాగానే ఉంది కదా’ అనడంతో ఫిర్యాదు ముగుస్తుంది. వచ్చే సోమవారం అదే ఫోను, అదే జవాబు. జిల్లాల్లోని ఆసుపత్రులు, కళాశాలలు, సహకార సంఘాలు, రొయ్యల ఎగుమతి సంస్థలు చాలావరకు తమ కంప్యూటర్లను ఈ తీరులోనే నెట్టుకొస్తున్నాయి. చెడిపోయిన యంత్రం చెడిపోయినట్టే పడి ఉంటుంది కాబట్టి దాని సంగతి తేలిక. మందగించిన యంత్రం తేరుకోగానే ఏమీ జరగనట్టు ఉంటుంది. ఆ గంటలో ఏం జరిగిందో అప్పుడే ఎక్కడో రాసి ఉండకపోతే తర్వాత జరిగే చర్చంతా ఊహాగానమే.

రాసిపెట్టే సాధనానికి డబ్బు పెట్టనక్కర్లేదన్నది చాలామందికి తెలియని విషయం. చాలా సర్వర్లను నడిపే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో కేంద్ర భాగమైన కెర్నెల్ తన పనికంతటికీ లెక్క ఉంచుకుంటుంది. ప్రాసెసరు ఎంతసేపు పనిచేసింది, ఎంతసేపు డిస్కు కోసం కాచుకుంది, ఎంత మెమరీ మిగిలింది, నెట్‌వర్కు కార్డు గుండా ఎన్ని బైట్లు వెళ్లాయి అన్నవన్నీ ప్రోక్ అనే ఫోల్డరులో చదవదగిన అక్షరాల్లోనే ఉంటాయి. కాకపోతే అవి ఆ క్షణపు అంకెలు. గంట కిందటి సంగతి ఆ ఫోల్డరును అడిగి లాభం లేదు. వాటిని పోగుచేసే పని సెబాస్టియన్ గోదార్ ఏళ్ల తరబడి నిర్వహిస్తున్న సిస్‌స్టాట్ అనే ఉచిత ప్యాకేజీ చేస్తుంది. అది మామూలుగా పది నిమిషాలకోసారి లేచి, అంకెలన్నీ ఆ రోజు ఫైలులో చేర్చి మళ్లీ పడుకుంటుంది. సార్ అనే ఆదేశంతో ఆ ఫైలును ఎప్పుడైనా చదువుకోవచ్చు. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాల్లో ఒక చిక్కుంది. చాలా వెర్షన్లలో ప్యాకేజీని ఎక్కించినంత మాత్రాన సేకరణ మొదలుకాదు, సెట్టింగు ఫైలులో దాన్ని విడిగా అనుమతించాలి. అవసరం పడిన రోజున తెరిచి చూస్తే ఫోల్డరు ఖాళీగా కనిపించేది ఇందువల్లే. పాత ఫైళ్లను ఎన్నాళ్లు ఉంచాలన్నదీ అక్కడే నిర్ణయమవుతుంది. డెబియన్ వరసలో మామూలుగా ఏడు రోజులు, రెడ్ హ్యాట్ వరసలో ఇరవై ఎనిమిది. ఏడు రోజులు ఏ మూలకూ చాలవు.

విండోస్‌లో ఇదే పనికి పెర్ఫార్మెన్స్ మానిటర్ పాత ఎన్టీ వెర్షన్ కాలం నుంచీ ఉంది. దాన్ని తెరిచి కదిలే గీతలను చూసి మూసేయడం సేకరణ కాదు. డేటా కలెక్టర్ సెట్‌గా అమర్చి ఫైలులోకి రాయిస్తేనే అది రేపటికి పనికొస్తుంది.

ఎప్పుడు కొలవాలన్న ప్రశ్న ఎలా కొలవాలన్న దానికంటే ముందు వస్తుంది. నెల్లూరు తీరంలో వనామీ రొయ్యలు సాగుచేసేవారికి ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్ పగలు కిరణజన్య సంయోగక్రియ వల్ల పెరుగుతుంది, రాత్రంతా తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున అట్టడుగుకు చేరుతుంది. మధ్యాహ్నపు అంకె చూసి రాత్రికి ఏరేటర్లు ఆపేసే రైతు ఉండడు. సర్వరు దగ్గరకొచ్చేసరికి మాత్రం కార్యాలయాలు చేసేది ఆ మధ్యాహ్నపు కొలతే. మనిషి తీరిగ్గా కూర్చొని చూసే వేళ యంత్రానికీ తీరిక వేళే అవుతుంది. రాత్రి రెండింటికి నడిచే బ్యాకప్పు, వారానికోసారి నడిచే యాంటీవైరస్ తనిఖీ, నెలాఖరున ఎవరో ఒకరు నొక్కే భారీ నివేదిక బటను, వీటి అడుగుజాడలు స్వయంచాలక సేకరణలోనే దొరుకుతాయి. కావలి ఫోను కథలో నాలుగు సోమవారాల ఫైళ్లను పక్కపక్కన పెడితే, పదకొండింటికి డిస్కు కోసం ప్రాసెసరు కాచుకున్న సమయం ఒక్కసారిగా లేవడం కనిపిస్తుందనుకుందాం. అప్పుడు వెతకాల్సింది ఆ వేళకు నడిచేలా ఎవరు ఏం అమర్చారన్నది మాత్రమే. కొత్త సర్వరు కొనాలన్న చర్చ వాయిదా పడుతుంది.

ఇక సగటు అనే మాయ. పది నిమిషాల అంకె అంటే ఆరు వందల సెకన్ల సగటు. అందులో ముప్పై సెకన్లు ప్రాసెసరు నూటికి నూరు శాతం బిగుసుకుపోయి, మిగతా సమయం పది శాతంతో నడిచిందనుకుందాం. సగటు 14.5 శాతం వస్తుంది. కౌంటరు ముందు వరుసలో నిలబడ్డవారికి ఆ ముప్పై సెకన్లు బాగా తెలుసు, నివేదిక చదివిన అధికారికి తెలియదు. ఇద్దరూ నిజమే చెబుతారు, ఇద్దరూ ఒకరినొకరు నమ్మరు. పది నిమిషాలను ఒక నిమిషానికి తగ్గించడం సులువైన మందు. ఫైలు పదింతలు పెరుగుతుంది గాని ఈనాటి డిస్కులకు అది లెక్కలోకి రాదు. ఎక్కువ నష్టం జరిగేది పాత అంకెలను కుదించే చోట. టోబియాస్ ఓటికర్ 1995లో ఎమ్మార్టీజీ, 1999లో ఆర్ఆర్‌డీటూల్ అనే కొలతల గ్రాఫు సాధనాలను విడుదల చేశాక, పాత కొలతలను క్రమంగా కలిపేసి ఫైలు పరిమాణం పెరగకుండా ఉంచే పద్ధతి అంతటా పాకింది. తెలివైన పద్ధతే. కాకపోతే సగటును మాత్రమే దాచమని చెబితే, నిన్నటి గ్రాఫులో కొండలా నిలిచిన శిఖరం ఏడాది గ్రాఫులో చదునైపోతుంది. సగటుతోపాటు గరిష్ఠాన్నీ దాచమని అదే సాధనంలో చెప్పవచ్చు. చెప్పేవారు తక్కువ.

కొన్ని అంకెలు చూడటానికి సూటిగా ఉండి దారి తప్పిస్తాయి. నడుస్తున్న, వేచి ఉన్న పనుల సగటు సంఖ్య చెప్పే లోడ్ యావరేజ్ వాటిలో మొదటిది. అది పెరిగిందంటే ప్రాసెసరు చాలడం లేదని అర్థం చేసుకోవడం పరిపాటి. లినక్స్ 1993 నుంచి అందులో ప్రాసెసరు కోసం వేచి ఉన్న పనులనే కాక, డిస్కు వంటివాటి కోసం కదలకుండా ఆగిపోయిన పనులనూ కలుపుతోంది. అందుకే చివరి దశలో ఉన్న డిస్కు మీద లోడ్ ఇరవై చూపిస్తూ, ప్రాసెసరు మాత్రం తొంభై శాతం ఖాళీగా ఉండటం వింతేమీ కాదు. ఆ పరిస్థితిలో ఎక్కువ కోర్లున్న ప్రాసెసరు కొనడం డబ్బు తగలేయడమే. ఖాళీ మెమరీ అంకెదీ ఇదే దారి. ఖాళీగా పడి ఉన్న మెమరీని లినక్స్ ఫైళ్ల నకళ్లు ఉంచుకోవడానికి వాడుకుంటుంది, ఎవరైనా అడిగితే వెంటనే వదిలేస్తుంది. కాబట్టి ‘ఫ్రీ’ అన్న వరుస ఎప్పుడూ చిన్నగానే కనిపిస్తుంది. ఈ గందరగోళం భరించలేకే 2014లో వచ్చిన 3.14 కెర్నెల్‌లో ‘అవైలబుల్’ అనే అంచనాను చేర్చారు. నివేదికలో ఉండాల్సింది అది.

నెట్‌వర్కు అంకెల్లో మరో గొయ్యి ఉంది. స్విచ్చులు, రౌటర్ల నుంచి ఎస్‌ఎన్‌ఎంపీ అనే పద్ధతి ద్వారా తీసుకునే బైట్ల లెక్క పెరుగుతూనే పోయే మీటరు లాంటిది. రెండు వేళల అంకెల తేడాను సమయంతో భాగిస్తే వేగం వస్తుంది. పాత పద్ధతి 32 బిట్ల మీటరు నిండగానే సున్నాకు తిరుగుతుంది. సెకనుకు వంద మెగాబిట్ల లైను నిండుగా నడిస్తే అందుకు ఆరు నిమిషాలు కూడా పట్టదు, ఒక గిగాబిట్ లైను మీద ముప్పై నాలుగు సెకన్లే. పది నిమిషాలకోసారి చూసేవాడికి మధ్యలో మీటరు ఎన్నిసార్లు తిరిగిందో తెలిసే దారి లేదు, వచ్చిన అంకె అందంగా, పూర్తిగా తప్పుగా ఉంటుంది. 64 బిట్ల మీటర్లు చాలాకాలంగా ఉన్నాయి, వాటిని అడగాలి అంతే. యంత్రం ఆగి మళ్లీ మొదలైనప్పుడు కూడా మీటర్లు సున్నాకు వస్తాయి. సొంతంగా రాసుకున్న చిన్న స్క్రిప్టులు ఆ వేళకు రుణసంఖ్యలో వేగాన్ని చూపించి నవ్విస్తాయి.

అంకెలను ఒకచోటికి చేర్చడం దగ్గర పుస్తకాల్లో చెప్పే పద్ధతికీ జిల్లా పరిస్థితికీ పొంతన చెడుతుంది. సౌండ్‌క్లౌడ్ సంస్థలో 2012లో మొదలైన, అంకెలను సేకరించి దాచే ప్రొమీథియస్ సాఫ్ట్‌వేరు ఇప్పుడు ఈ రంగంలో దాదాపు ప్రమాణం. దానితోపాటు అంకెలను గ్రాఫులుగా చూపే గ్రాఫానా తెరలు పెట్టుకోవడం ఆనవాయితీ. ప్రొమీథియస్ కేంద్రం నుంచి ఒక్కో యంత్రాన్నీ పలకరించి అంకెలు లాక్కుంటుంది. డేటా సెంటరులో, తెగని తీగల మధ్య అది చక్కని ఏర్పాటు. నెల్లూరులో కేంద్రం, ఉదయగిరి, ఆత్మకూరులలో శాఖలు ఉన్నచోట కథ వేరు. లైను తెగినంతసేపూ పలకరింపుకు జవాబు రాదు, ఆ సేపటి అంకెలు ఎప్పటికీ రావు. శాఖ యంత్రమే అంకెలను పైకి పంపేలా మార్చి అమర్చవచ్చు. అందులోనూ పంపలేకపోయిన అంకెలు సుమారు రెండు గంటల వరకే నిలుస్తాయి. ఈశాన్య రుతుపవనాల వానల్లో తెగిన లైను రెండు గంటల్లో అతుకుతుందని నమ్మేవారు ఆ పద్ధతినే నమ్ముకోవచ్చు. నమ్మనివారు శాఖ యంత్రంలోనే సిస్‌స్టాట్ ఫైలును రాయించి, లైను వచ్చాక రోజుకోసారి కేంద్రానికి చేరవేయడం మేలు. పాతకాలపు పద్ధతే. అయినా సాక్ష్యం పుట్టిన చోటే భద్రంగా ఉండటం ఈ జిల్లాల్లో మొదటి అవసరం, మెరిసే తెరలు ఆ తర్వాతి ముచ్చట.

లైను తెగినప్పటి ఖాళీని ఏమని చూపాలన్నది చిన్న విషయంలా అనిపిస్తుంది గాని నివేదికలు ఎక్కువగా అబద్ధమాడేది ఇక్కడే. అంకె రాకపోవడం వేరు, సున్నా రావడం వేరు. రాని అంకెలను సున్నాలుగా నింపితే శాఖలో ఆ పూట పనే జరగలేదని చదువుకుంటారు, నెల సగటు కూడా పడిపోతుంది. రెండు చివరలనూ గీతతో కలిపేస్తే మధ్యలో అంతా సాఫీగా నడిచిందనుకుంటారు. గ్రాఫులో ఖాళీని ఖాళీగానే వదిలి, ఎన్ని గంటల కొలతలు లేవో పక్కన రాయడమే నిజాయితీ.

గడియారాల గొడవా ఉంది. రెండు యంత్రాల సమయాల్లో నాలుగు నిమిషాల తేడా ఉంటే ఏది ముందు జరిగిందో, ఏది దాని ఫలితమో తేల్చలేం. ఎన్‌టీపీతో గడియారాలను నెట్‌వర్కు ద్వారా సరిచేయడం అందుకే తప్పనిసరి. సర్వరు గడియారం మన సమయానికి ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీలో ఉంటే రాత్రి రెండింటి బ్యాకప్పు ముందురోజు 20:30 దగ్గర కనిపిస్తుంది, రోజు ఫైలు తెల్లవారి ఐదున్నరకు మొదలవుతుంది. తెలిసి పెట్టుకుంటే ఇబ్బంది లేదు. తెలియక చదివేవారు లేని దొంగను వెతుకుతారు. మదర్‌బోర్డు మీది నాణెమంత బ్యాటరీ అయిపోయిన పాత యంత్రాలైతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఏదో పాత తేదీతో లేస్తాయి. గడియారం సరిపడేలోపు రాసిన కొలతలు ఎక్కడ చేరతాయో వెతుక్కోవాలి.

ఏ అంకెలు సేకరించాలన్న దానికి పెద్ద సంస్థల పత్రాలు ప్రాసెసరు, మెమరీ, డిస్కు, నెట్‌వర్కు అని నాలుగు చెప్పి ఊరుకుంటాయి. వాటి గది చల్లగా ఉంటుంది, కరెంటు పోదు. నెల్లూరు, ఒంగోలులలో ఐదోది, ఆరోది కూడా కావాలి: గది ఉష్ణోగ్రత, కరెంటు. సర్వరు పీల్చుకునే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలన్నది శీతలీకరణ ఇంజనీర్ల సంఘం ఆష్రే సిఫారసు. రోహిణి కార్తెలో బయట 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. సాయంత్రం కార్యాలయం మూసేటప్పుడు పొదుపు పేరిట ఏసీ ఆపేసి వెళ్లే అలవాటు చాలాచోట్ల ఉంది. సర్వరుకు సెలవు లేదు, పైగా దాని బరువైన పనంతా రాత్రిదే. వేడి మితిమీరినప్పుడు ప్రాసెసరు తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు వాడకం అంకె నూరు శాతం చూపిస్తుంది, జరిగే పని మాత్రం సగమే. వాడకం ఒక్కటే కొలిచేవారికి ఇది పనిభారంలా కనిపిస్తుంది. ఉష్ణోగ్రతనూ ప్రాసెసరు వేగాన్నీ అదే ఫైలులో చేర్చినవారికి ఏసీ రిమోటు గుర్తొస్తుంది. చీమకుర్తి గ్రానైట్ పరిశ్రమల చుట్టుపక్కల రాతి పొడి ఫ్యాన్లలో, ప్రాసెసరు మీది లోహపు రెక్కల్లో పేరుకుంటుంది కాబట్టి, అదే పనికి ఉష్ణోగ్రత నెలనెలా ఒకటి రెండు డిగ్రీలు పెరుగుతూ పోవచ్చు. ఏ రోజుకారోజు చూస్తే తెలియదు. ఆరు నెలల గీత చూస్తే యంత్రాన్ని విప్పి శుభ్రం చేయాల్సిన వారం కూడా చెప్పవచ్చు.

యూపీఎస్ నుంచి కూడా అంకెలు వస్తాయి. నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ అనే ఉచిత సాధనం చాలా రకాల యూపీఎస్‌లతో మాట్లాడి, వచ్చే కరెంటు వోల్టేజీని, బ్యాటరీ స్థాయిని, మోస్తున్న భారాన్ని తెలుపుతుంది. కిందటేడు అరగంట ఆగిన బ్యాటరీ ఈ ఏడు తొమ్మిది నిమిషాలకే చేతులెత్తేస్తోందన్న విషయం కరెంటు పోయిన రోజున కాక ముందే తెలియడానికి ఇంతకంటే చౌక మార్గం లేదు. డిస్కుల ఆరోగ్యం చెప్పే స్మార్ట్ అంకెలనూ దీనికి జతచేయాలి. చెడిన చోటును వదిలి వేరేచోటికి మార్చిన సెక్టార్ల లెక్క, మార్చడానికి వేచి ఉన్న సెక్టార్ల లెక్క సున్నా దగ్గర ఉన్నంతకాలం ఫరవాలేదు. అవి వారం వారం పెరుగుతుంటే బ్యాకప్పు సరిచూసుకొని కొత్త డిస్కుకు ఆర్డరు పెట్టడమే.

వీటన్నింటినీ గమనించే యంత్రమే ఆగిపోతే? దాన్నీ అదే యూపీఎస్‌కు తగిలిస్తే రెండూ కలిసి చీకట్లో కూర్చుంటాయి, హెచ్చరిక పంపేవారు ఉండరు. వేరే ఊళ్లోనో అద్దె సర్వరులోనో ఇంకో చిన్న కాపలా పెట్టి, నెల్లూరు నుంచి ప్రతి ఐదు నిమిషాలకూ ‘ఉన్నాను’ అన్న కబురు రాకపోతే అది ఫోను మోగించేలా అమర్చాలి. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు వద్ద రైలు పట్టాలు దెబ్బతిని, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారిపై రాకపోకలు ఆగిన రోజుల్లో, ఏ మెకానిక్కూ ఊరు దాటి వచ్చే వీల్లేదు. అలాంటప్పుడు దూరం నుంచి చూడగలిగే అంకెలే, అవి ఆగిపోయాయన్న సంగతే చేతిలో ఉండే సమాచారం.

సేకరణకు పెట్టిన శ్రద్ధలో పావు వంతు కూడా నివేదికకు పెట్టరు. నలభై గ్రాఫులతో రోజూ ఉదయం వచ్చే మెయిలును మొదటి వారం తెరుస్తారు, రెండో వారం నుంచి అది విడి ఫోల్డరులోకి పోయేలా నియమం పెట్టుకుంటారు. హెచ్చరికలదీ అంతే. డిస్కు తొంభై శాతం నిండితే కబురు పంపమన్న నియమం అన్నిచోట్లా ఉంటుంది, దానివల్ల పెద్దగా తెలిసేదేమీ లేదు. 500 జీబీ డిస్కు 82 శాతం నిండి, రోజుకు 3 జీబీ చొప్పున పెరుగుతుంటే ఇంకా ముప్పై రోజులుంది. అదే డిస్కు 60 శాతమే నిండినా, అదుపు తప్పిన లాగ్ ఫైలు గంటకు 20 జీబీ రాస్తుంటే పది గంటలే ఉంది. ఎంత నిండిందని కాక ఎప్పటికి నిండుతుందని అడగాలి, ఆ లెక్క కట్టే ఫంక్షను ప్రొమీథియస్‌లోనే ఉంది. ప్రాసెసరు విషయంలో ఒక్క క్షణపు పెరుగుదలకు ఫోను మోగకూడదు. పదిహేను నిమిషాలు ఆగకుండా కొనసాగితేనే మోగాలి. రాత్రి మోగిన ఫోనుకు లేచి మనిషి చేయగలిగిన పని ఏదీ లేకపోతే ఆ హెచ్చరికను తీసేయడమే న్యాయం.

దేనితో పోల్చాలన్నది ఇంకా ముఖ్యం. ఈ సోమవారాన్ని నిన్నటి ఆదివారంతో పోల్చి ‘భారం మూడింతలైంది’ అని రాసే నివేదికలు ఉన్నాయి. పోల్చాల్సింది గత సోమవారంతో. పింఛన్ల పంపిణీ జరిగే ఒకటో తేదీని కిందటి నెల ఒకటో తేదీతో పోల్చాలి. ఒంగోలు, టంగుటూరు పొగాకు వేలం సాగే నెలలను పోయిన వేలం నెలలతో పోల్చాలి. పండుగల దగ్గర తేదీ కూడా మోసం చేస్తుంది. నెల్లూరు స్వర్ణాల చెరువు వద్ద బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ మొహర్రం నెలలో వస్తుంది, చాంద్రమానం వల్ల ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది. లక్షల మంది ఊరికి వచ్చే ఆ రోజుల్లో లాడ్జీల బుకింగుల నుంచి వ్యాపారుల చెల్లింపుల వరకు అన్నింటి మీదా ఒత్తిడి మారుతుంది. కిందటేడు ఇదే తేదీతో పోల్చే సాఫ్ట్‌వేరు ఒక ఏడు లేని ప్రమాదాన్ని చూస్తుంది, మరో ఏడు ఉన్నదాన్ని వదిలేస్తుంది. ఏ సాధనానికీ ఈ పంచాంగం తెలియదు. పండుగ రోజుల పట్టికను స్థానికులే చేత్తో ఎక్కించాలి.

భద్రత గురించి ఒకటి రెండు మాటలు. ఎస్‌ఎన్‌ఎంపీ పాత వెర్షన్లలో రహస్యపదం నెట్‌వర్కు మీద దాపరికం లేకుండా ప్రయాణిస్తుంది, చాలా పరికరాల్లో అది ‘పబ్లిక్’ అనే ఉంటుంది. మూడో వెర్షన్ వాడాలి, లేదా కనీసం ఆ అంకెలను బయటి ఇంటర్నెట్‌కు తెరవకూడదు. నడుస్తున్న ప్రోగ్రాముల పూర్తి ఆదేశాలను సేకరిస్తే వాటిలో డేటాబేసు పాస్‌వర్డులు దొర్లి నివేదికలోకి ఎక్కే ప్రమాదం ఉంది. యంత్రం కోసం మొదలైన సేకరణను ఉద్యోగి ఎప్పుడు కూర్చున్నాడు, ఎప్పుడు లేచాడు అని లెక్కించడానికి వాడటం ఇంకో జాడ్యం. ఆ సంగతి బయటపడిన మరునాటి నుంచి సేకరణ ప్రోగ్రాము ఏదో ఒక సాకుతో ఆగిపోతుంటుంది, దాన్ని మళ్లీ నడిపించడం ఏ సాంకేతిక నిపుణుడి వల్లా కాదు.

ఈ జిల్లాల్లో చాలా సంస్థలు యంత్రాల బాధ్యతను వార్షిక నిర్వహణ ఒప్పందం మీద బయటివారికి అప్పగిస్తాయి. అంకెలు కూడా వారి ల్యాప్‌టాపులోనే ఉండిపోతే, ఒప్పందం ముగిసిన రోజున ఏడాది చరిత్ర వారితోపాటే వెళ్తుంది. పునరుద్ధరణ వేళ సేవ ఎలా ఉందో తేల్చడానికి పనికొచ్చే పత్రం కూడా అదే కాబట్టి, కొలతలు సంస్థ యంత్రంలోనే ఉండాలన్న షరతు ఒప్పందంలో రాయించుకోవాలి. సిస్‌స్టాట్ రోజు ఫైళ్లు దాని సొంత రూపంలో ఉంటాయి, వెర్షన్ మారితే కొత్త సార్ పాత ఫైలును చదవలేకపోవచ్చు. మార్చి ఇచ్చే పని దానితోనే వచ్చే శాడ్‌ఎఫ్ చేస్తుంది. ప్రతి నెలాఖరునా దానితో ఆ నెల అంకెలను ఎక్సెల్‌లో తెరుచుకునే మామూలు పట్టికగా మార్చి, బ్యాకప్పుతోపాటు దాచుకుంటే, అయిదేళ్ల తర్వాత ఏ సాఫ్ట్‌వేరు నడుస్తున్నా వాటిని చదవవచ్చు.